కారు రంగుకు కనబడని కవచము

క్రొత్త కారు ఇంటి ముంగిట నిలిచిన దినమున ఇంటిల్లిపాదియు చుట్టు తిరిగి చూచునది దాని యంత్రమును కాదు, రంగును. చక్రముల క్రింద నిమ్మకాయలు నలిగి, బానెట్టుపై కుంకుమబొట్లు వెలసిన ఆ నాటికి ఆ రంగు అద్దమువలె నుండును. ఆరు మాసములు గడచి, నాలుగుసార్లు పెద్దరహదారిపై ప్రయాణము చేసివచ్చిన పిమ్మట చూచినచో, బానెట్టు ముందంచున ఆవగింజలంతేసి తెల్లని చుక్కలు కానవచ్చును. ముందు పోవు లారీల చక్రములు చిమ్మిన గులకరాళ్ళు చేసిన పని యది. చుక్క చిన్నదే, కాని రంగు లేచిన చోట ఉక్కురేకునకు నీరు తగులును, నీరు తగిలిన చోట త్రుప్పు పుట్టును.

ఈ చిన్న గాయమును ఆపుటకై ఇటీవల కారు మేనిపై పారదర్శకమైన ప్లాస్టిక్ పొర నొకదానిని అంటించుచున్నారు. దీనికి పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ అని పేరు. దుకాణముల పలకలపై పి.పి.ఎఫ్. అని వ్రాసియుండును. నిన్నమొన్నటి వింతగా తోచు ఈ పొర వెనుక నూరేండ్ల చరిత్ర కలదు. గుఱ్ఱపుబండ్ల వార్నీషు, తుపాకిమందు కర్మాగారము, ఉప్పుకాగితము చేయు సంస్థ, యుద్ధభూమిలోని హెలికాప్టరు, ఇన్నియు ఆ చరిత్రలో చేరియున్నవి.

మొదటి మోటారుకార్లకు రంగు వేసినవారు గుఱ్ఱపుబండ్లకు రంగు వేసిన పనివారే. నూనెతో కాచిన వార్నీషును కుంచెతో పూయుట, ఆరిన పిదప నురుగురాతిపొడితో నునుపు చేయుట, మరల పూయుట, ఈ విధముగ ఒక్కొక్క బండికి వారములకొలది కాలము పట్టెడిది. పనివాడు తొందరపడినను వార్నీషు తొందరపడదు గదా! 1913లో హెన్రీ ఫోర్డు తన హైలాండ్ పార్కు కర్మాగారమున కదలెడు కూర్పువరుసను ప్రవేశపెట్టెను. మరుసటి యేటికి ఒక కారు చట్రమును కూర్చుటకు 93 నిమిషములు చాలెను. నిమిషములలో కూర్చిన బండిని వారములపాటు ఆరబెట్టుట ఎట్లు? 1914 మొదలు 1925 వరకు ఫోర్డు 'మోడల్ టి' కారు నల్లరంగున మాత్రమే లభించెను. చవుకయై, గట్టిదియై, కొలిమిగదిలో ఆరెడు నల్లని ఎనామిల్‌ను ఆయన ఎంచుకొనెను.

రంగురంగుల కార్లను త్వరగా ఆరబెట్టు ఉపాయము తుపాకిమందు చేయువారి వలన దొరకెను. పత్తిని ఆమ్లములతో కలిపి చేయు నైట్రోసెల్యులోజు అను పదార్థమే ప్రేలుడుమందునకును మూలము, రంగుపూతకును మూలము. 1914-18 సంవత్సరముల మహాయుద్ధము ముగిసిన పిదప డ్యుపాంట్ సంస్థ ఈ పదార్థముతో 'డ్యుకో' అను పూతను సిద్ధము చేసెను. 1923లో జనరల్ మోటార్స్ వారు తమ ఓక్లాండ్ కారును ఈ పూతతో నీలిరంగున విడుదల చేసిరి. వారముల పని గంటలలోనికి వచ్చెను.

ఈ జాతి పూతను ఆంగ్లమున 'లాకరు' అందురు. ఆ మాట పుట్టుక సంస్కృతమునందలి లాక్షాశబ్దము, అనగా మన లక్కయే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో నేటికిని అంకుడుకొయ్యను తరిమెనపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఆనింతురు. రాపిడివేడికి లక్క కరగి కొయ్యకు పట్టును. అక్కడ రంగును కవచమును ఒక్కటే పూత. కారునందు అట్లు కాదు. రంగు వేరు, దాని కాపుదల వేరు. ఆ వేరుపాటు ముదిరినకొలది ఈ చరిత్ర సాగినది.

డ్యుకో త్వరగా ఆరెడిది గాని, ఎండకు వెలవెలబోయెడిది. తరచుగా మెరుగు పెట్టవలసియుండెను. కావున కార్లవారు మైనము నాశ్రయించిరి. 'సైమనైజ్' అను మైనపు సరకు పేరు అమెరికాలో ఎంతగా వ్యాపించెననగా, కారును మెరుగుపెట్టుట అను అర్థమున అది క్రియాపదమై నిఘంటువులకెక్కెను. మైనము తాను అరిగిపోవుచు క్రింది రంగును వాననుండి, దుమ్మునుండి కొంత కాపాడును. గులకరాయికి మాత్రము మైనము లెక్కలోనిది కాదు.

ఇక్కడ మనము కొంచెము ప్రక్కకు మళ్ళి, ఉప్పుకాగితము చేయు సంస్థను చూడవలెను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున 1902లో కొందరు కురువిందపు రాయి త్రవ్వుటకై ఒక కంపెనీ పెట్టిరి. ఆంగ్లమున 'కొరండమ్' అను మాట మన దక్షిణదేశపు కురువిందమునుండి పోయినదే. త్రవ్వి చూడగా అది కురువిందము కాదు, పనికిమాలిన వేరొక రాయి. దివాలా తీయక బ్రతికి, ఆ సంస్థ గరుకు కాగితములు చేసి నిలద్రొక్కుకొనెను. అదియే తరువాత 'త్రీఎమ్' అను పేర లోకప్రసిద్ధమైనది.

ఆ సంస్థ ఉద్యోగియైన రిచర్డ్ డ్రూ అను యువకుడు గరుకు కాగితములను పరీక్షకై కార్లకు రంగు వేయు షెడ్లకు కొనిపోవుచుండెడివాడు. అప్పుడు రెండురంగుల కార్లు వేడుక. ఒక రంగు వేసినచోట కాగితము అంటించి కప్పి, ప్రక్కన రెండవ రంగు చల్లి, పిమ్మట కాగితము లాగివేయవలెను. లాగునప్పుడు జిగురుతోపాటు క్రింది రంగును ఊడివచ్చెడిది. పనివారు పండ్లు కొరికెడివారు. డ్రూ ఆ బాధను చూచి, అంటుకొనవలె గాని రంగును పెరుకరాదు అను నియమముతో ప్రయోగములు చేసి, 1925లో మాస్కింగ్ టేపును సిద్ధపరచెను. ఈ నియమమే తరువాతి కథకంతకును ఇరుసు. కారు రంగుపై జిగురుపొర వేసి, క్షేమముగ తీయవచ్చునని లోకమునకు తెలిసినది ఆ షెడ్లలోనే. రంగును గీకుటకు కాగితము చేసినవారే రంగును కాచుటకు టేపు చేయవలసివచ్చుట విచిత్రము.

జిగురు దొరకినది, దానిపై నుండదగిన పొర ఇంకను రావలసియుండెను. 1937లో జర్మనీలోని లెవర్‌కుసెన్ పరిశోధనాలయమున ఆటో బాయరును, ఆయన తోడివారును పాలీయురితేను అను పదార్థమును కనుగొనిరి. కూర్పును మార్చినకొలది అది నురుగుపరుపు కాగలదు, గట్టి పూత కాగలదు, రబ్బరువలె సాగు పలుచని పొరయు కాగలదు.

ఈ సాగెడు పొరకు పరీక్ష యుద్ధభూమిలో జరిగెను. వియత్నాము యుద్ధమున అమెరికా సైన్యము హెలికాప్టర్లను విరివిగా వాడెను. వానిలో మిక్కిలి పేరుపడిన 'హ్యూయీ' హెలికాప్టరు రెక్కల చక్రము 48 అడుగుల వ్యాసము కలది. తిరుగునప్పుడు రెక్కకొన సెకనుకు సుమారు 800 అడుగుల వేగముతో పోవును. నేల దుమ్ము రేగినచోట దిగునప్పుడు ఆ వేగమున ఇసుకరేణువు తగిలినచో లోహపు అంచైనను అరగును. అంచు అరిగిన రెక్క గాలిని సరిగా కోయదు. అందుచేత రెక్కల ముందంచులకు పాలీయురితేను టేపు అంటించు పద్ధతి వచ్చెను. నేటి కారు పొరకు మూలము ఆ టేపేయని ఈ వృత్తిలోనివారెల్లరు చెప్పుదురు.

లోహము ఓడినచోట మెత్తని పొర ఎట్లు గెలిచెను? గట్టి వస్తువునకు ఇసుక తగిలినప్పుడు ఆ తాకిడి యంతయు ఒక్క బిందువున కేంద్రీకరించి చిన్న పెచ్చును లేపును. మెత్తని పొర ఆ బిందువున లోనికి వంగి, తాకిడిని చుట్టును పంచి, రేణువును వెనుకకు త్రోయును. శాంతిపర్వమున భీష్ముడు చెప్పిన కథ మనకు గుర్తువచ్చును: మహావృక్షములను కూకటివ్రేళ్ళతో పెరుకుకొనివచ్చు నదులు ఏటియొడ్డున వంగియుండు నీటిప్రబ్బను మాత్రము తేజాలవు. అయితే ఈ మెత్తదనమునకును హద్దు కలదు. వానచినుకుల దెబ్బకు మెత్తని పొరకంటె లోహపు అంచే ఎక్కువ కాలము నిలుచును. ఒకదానికి మందైనది వేరొకదానికి కాదు.

ఆ లోహపు అంచులు ఇసుకలో అరుగుట కన్నులకు కనబడును కూడ. ఎడారి దేశములలో రాత్రివేళ హెలికాప్టరు దిగునప్పుడు, రెక్కల అంచులకు వేసిన టైటేనియము లేక నికెలు పట్టీలనుండి లేచిన రజను మండి, చక్రమంతయు బంగారు వలయమువలె వెలుగును. 2009లో అఫ్గానిస్థానమున ఆ దృశ్యమును చిత్రించిన మైకేల్ యాన్ అను రచయిత, ఆ యేడే అక్కడి యుద్ధమున గాయపడి మృతినొందిన బెంజమిన్ కాప్, జోసెఫ్ ఎచెల్స్ అను ఇద్దరు సైనికుల పేరిట దానికి 'కాప్-ఎచెల్స్' ప్రభావమని నామకరణము చేసెను. చూచుటకు అందమైన ఆ వెలుగు రెక్క క్షయించుచున్న వెలుగు.

ఆకాశమునుండి నేలకు వత్తము. కార్లవారు వెంటనే ఈ పొరను అందిపుచ్చుకొనలేదు. 1980 ప్రాంతములలో అమెరికాలో కారు ముక్కునకు నల్లని వినైలు ముసుగు తొడుగుట వాడుక. రాళ్ళ దెబ్బ తప్పెడిది. కాని ముసుగు క్రింద ఇసుకయు చెమ్మయు చేరి, గాలికి ఆ గుడ్డ కదలినప్పుడెల్ల రంగును ఉప్పుకాగితమువలె రాచెడిది. ఆ ముసుగు తీసిన నాడు ముందుభాగము ఒక రంగు, తక్కిన కారు ఎండకు వెలిసి వేరొక రంగు! రంగును కాపాడుటకై దానిని కనబడకుండ చేయుట మాకు ఎన్నడును సబబుగా తోచలేదు. కొన్న రోజున వచ్చిన ప్లాస్టిక్ కాగితమును సోఫాకును, టీవీ రిమోటుకును ఏండ్లతరబడి ఉంచుకొను ఇండ్లు మన ఊళ్ళలోను లేకపోలేదు.

పందెపు కార్ల ముందుభాగములకు పాలీయురితేను పొర అంటించు అలవాటు మొదలై, 1990ల నాటికి అది సామాన్యుల కార్లకును వచ్చెను. ఆనాటి పొర మొండిది. వంపులపై సాగెడిది కాదు. కారుమీదనే పరచి కత్తితో అంచులు కోయునప్పుడు చేయి జారినచో, కాపాడవలసిన రంగుపైననే గాటు పడెడిది. 1997లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ప్రారంభమైన ఎక్స్‌పెల్ సంస్థ మొదట పొరను చేయలేదు. ఒక్కొక్క కారు కొలతలను కంప్యూటరులో భద్రపరచి, ఆ నమూనా ప్రకారము పొరను యంత్రముచే ముందుగనే కత్తిరించు ఉపాయమును అమ్మెను. బట్టను ఒంటిపై కప్పి కోయుటకును, దర్జీ కొలతలు తీసికొని కోయుటకును గల భేదమిది.

రెండవ చిక్కు పసుపెక్కుట. పాలీయురితేనులలో బెంజీను వలయములు గల జాతి చవుకయైనదే కాని, ఎండలోని అతినీలలోహిత కిరణములకు పసుపుబారును. తెల్లని కారుపై ఆ మచ్చ దాచిన దాగదు. ఆ వలయములు లేని వేరొక జాతి ఎండకు తట్టుకొనును. మే మాసపు రెంటచింతల ఎండ ఎరిగినవారికి ఈ భేదము విప్పి చెప్పనక్కరలేదు. పొర కొనువారు మొదట అడుగవలసిన ప్రశ్నయు ఇదియే.

నేటి పొర సుమారు 150 మొదలు 200 మైక్రానుల మందము కలది. కర్మాగారమున కారుకు వేసిన రంగుపూతలన్నియు కలిసి సాధారణముగ 100 మొదలు 150 మైక్రానులే. అనగా కవచము కాపాడబడు వస్తువుకంటె మందము. అడుగున జిగురు, నడుమ సాగెడు పొర, పైన మరియొక పలుచని పూత. ఈ పైపూతపై పడిన సన్నని గీతలు ఎండవేడికి గాని, వేడినీటికి గాని తమంతట తామే పూడుకొనును. సాగిన పదార్థము వెచ్చబడినప్పుడు మరల తన మొదటి ఆకారమునకు వచ్చుటయే అందలి కిటుకు. అమ్మువారు దీనిని మహిమవలె వర్ణింతురు గాని, పైపూతను దాటి దిగిన గాటు పూడుకొనదు. సొట్టను ఈ పొర ఆపదు.

ఇచ్చట ఒక పొరపాటు తొలగింపవలసియున్నది. 2012లో సుప్రీం కోర్టు నిషేధించినది కారు అద్దములకు అంటించు నల్లపొరలను. రంగుపై వేయు ఈ తెల్లని పొర దాని క్రిందికి రాదు.

కారంతటికిని ఈ పొర తొడుగుటకు పెద్ద మొత్తమే అగును. మా అభిప్రాయమున గృహస్థులకు అంత అవసరము లేదు. రాళ్ళు తగులునది ముందుభాగమునకే. గోళ్ళు గీరునది తలుపుపిడుల క్రిందనే. బంపరు, బానెట్టు ముందంచు, ప్రక్క అద్దముల వెనుకభాగములు, పిడులగుంటలు, ఈ నాలుగుచోట్ల వేసినచో హెలికాప్టరు రెక్కకు ముందంచున వేసినట్లే యగును. పాతకారుకు మరల రంగు వేయించియుండినచో మాత్రము ముందుగా ఆలోచింపవలెను. ఆ రంగు రేకుకు గట్టిగా పట్టియుండనిచో, పొర తీయునాడు డ్రూ చూచిన షెడ్డులోవలెనే రంగు ఊడివచ్చును.

పొరయు శాశ్వతము కాదు. ఏండ్లు గడచినకొలది అది పెళుసెక్కును, జిగురు ముదురును. గడువు మీరనీయక, ఎండపట్టున నిలిపిగాని వేడిగాలి పట్టిగాని వెచ్చచేసి, ఒక మూలనుండి కారు మేనికి దగ్గరగా వంచి మెల్లమెల్లగా లాగవలెను. నిలువుగా పైకి లాగరాదు. మిగిలిన జిగురును మెత్తని గుడ్డతో తుడిచివేయుదురు. అప్పుడు బయటపడు రంగు చుట్టుపట్ల రంగుకంటె క్రొత్తదిగ నుండును; ఆ తేడా మాయమగువరకు మెరుగు పెట్టించుకొనువారును కలరు, దానినట్లే ఉంచుకొనువారును కలరు.