గండిలోకి దిగిన కోడలు

రాయలసీమలో బత్తలపల్లె చుట్టుపక్కల వాన మొహం చాటేస్తే కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిప్పుతారు. గడప గడపలో ఆడవాళ్లు దాని మీద బిందెతో నీళ్లు పోస్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే నేల మీద, అవి దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు. ఆ చేతుల్ని చూశాక మూఢనమ్మకం అని ఒక్కమాటలో తీసిపారేయడానికి నాకు నోరు రాదు.

మన నవల మాత్రం ఆ తీసిపారేయడంతోనే మొదలైంది. 1878లో వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’లో బంగారం చేస్తానన్న బైరాగినీ, భూతవైద్యుణ్ణీ బట్టబయలు చేశాడు. చేయాల్సిన పనే. నూరేళ్లకు యండమూరి ‘తులసిదళం’ చేతబడితో వారపత్రిక పాఠకుల్ని వణికించింది. నమ్మేవాళ్ల దాహం రెండింటికీ పట్టలేదు.

ఆ దాహం సీమ కథలో ఉంది. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడింది. ఆ ఊరి బసిరెడ్డి చిన్నకోడలు బలైతేనే కట్ట నిలుస్తుందని దేవత పలికింది. పేరు ముసలమ్మ, వయసు పడుచు. అత్తమామల దగ్గర సెలవు తీసుకుని గండిలోకి దిగింది. బ్రౌన్ దొర సేకరించిన అనంతపురం చరిత్రలోంచి ఈ కథ తీసుకుని 1899లో కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశాడు. అలాంటి నమ్మకమే ఇంకొకటి: కదిరి దగ్గర తిమ్మమ్మ 1434లో సహగమనం చేసిన చోట మొలిచిందంటున్న మర్రికి పిల్లల్లేనివాళ్లు నేటికీ మొక్కుతారు.

ఇలాంటి నమ్మకాన్ని తీసిపారేయకుండా రాసిన నవల ఒకటుంది. క్యూబా రచయిత అలేహో కార్పెంటియర్ 1949 నాటి ఆ నవలలో, హైతీలో తిరగబడ్డ బానిస మకందాల్‌ను మంటల్లో వేస్తారు. అతడు కట్లు తెంచుకుని ఎగిరిపోయాడని బానిసల నమ్మకం, కాలిపోయాడని దొరల లెక్క. రెండూ ఒకే పేజీలో ఉంటాయి. హండే పాలకుల కాలంనాటి అనంతపురాన్ని చూపిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చినప్పుడు నాకు ఆ పేజీయే గుర్తొచ్చింది. ఈ నేల నమ్మకాల్ని ఈ నేల మనిషే లోపలి నుంచి రాశాడు.

ముసలమ్మ కట్ట మీద ఇప్పటికీ పూజలందుకుంటుంది. కప్పకు నీళ్లు పోసేది ఆడవాళ్లే, గండికి అడ్డుపడిందీ ఆడమనిషే. దేవత బసిరెడ్డినే ఎందుకు కోరలేదని ఆ కట్ట మీద నిలబడి అడిగే కథ కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.