బిచ్చగాళ్ళు జిందాబాద్!

పెద్దింటి దొరలు ముష్టిజోలె తగిలించుకుని బ్రస్సెల్స్‌లో ఊరేగారని చదివిన రోజు నుంచి తిట్ల చరిత్ర మీద నాకు మోజు పట్టుకుంది.

1566 ఏప్రిల్ 5. నెదర్లాండ్స్ అప్పుడు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఏలుబడిలో ఉంది. మతం మారినవాళ్ళను చంపించే శాసనాలు సడలించమని వందలమంది దొరలు అర్జీతో రాజప్రతినిధి మార్గరెట్ దగ్గరికెళ్ళారు. ఆవిడ ఫిలిప్‌కు సవతి అక్క. ఆవిడ కంగారు చూసి, ఈ ముష్టివాళ్ళకు భయమెందుకన్నాడట సలహాదారు బెర్లేమాన్. మూడు రోజులకు విందు. బ్రెడెరోడె అనే దొర జోలె వేసుకుని, చెక్క గిన్నెలో ద్రాక్షసారా పోయించుకుని, బిచ్చగాళ్ళకు జై కొట్టి తాగాడు. గిన్నె బల్ల చుట్టూ తిరిగింది. ఇక అదే ఫ్యాషన్: బూడిదరంగు ముతక బట్టలు, టోపీకి బుల్లి గిన్నె, మెడలో పతకం. పతకానికి ఒకపక్క రాజుగారి ముఖం, రెండోపక్క కలిపిన చేతులు, జోలె. జోలె పట్టాల్సి వచ్చినా రాజుకు విధేయులమేనని దానిమీద రాత! కొందరు దాన్ని బంగారంలో పోయించుకున్నారు కూడా.

1572 ఏప్రిల్ 1న ఆ పేరే పెట్టుకుని ఓడలెక్కిన తిరుగుబాటుదారులు, ‘సముద్రపు బిచ్చగాళ్ళు’, బ్రీల్ రేవు పట్టుకున్నారు. ఆ జూలైలో అక్కడే 19 మంది కేథలిక్ గురువులను, సన్యాసులను ఉరితీశారు. పేరు ముచ్చటైనదే, పని కాదు.

ఇలా పేరైపోయిన తిట్లు ఇంకా ఉన్నాయి. బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీవాళ్ళను పిలిచే టోరీ అంటే మొదట ఐర్లండు బందిపోటు. ఇప్పుడా పేరు వింటే కోటు, టై గుర్తొస్తాయి. ఆ పదును పోయినందుకు నాకు దిగులే. 1906లో డెయిలీ మెయిల్ వెటకారానికి పుట్టించిన ‘సఫ్రజెట్’ను ఓటు హక్కు అడిగిన ఆడవాళ్ళు 1912లో తమ పత్రికకే పెట్టుకున్నారు.

అయితే బ్రస్సెల్స్ దొరలు రాత్రికి జోలె విప్పి పరుపు మీద పడుకున్నారు. విప్పే వీల్లేనివాళ్ళ కథ 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైంది. ఎస్సీ వర్గీకరణ కోసం పుట్టిన పోరాట సమితిలో మంద కృష్ణ మొదలు ఎందరో పేరు చివర ‘మాదిగ’ చేర్చుకున్నారు. ఊరి పెద్దల కబురు డప్పు కొట్టి చాటే వెట్టి పని దండోరా; ఉద్యమానికీ అదే పేరు. కులం పేరు మోస్తే కులం బలపడదా అని అడిగేవాళ్ళున్నారు. రెడ్డి, శర్మ అన్న తోకలను వాళ్ళెప్పుడైనా అడిగారా? దెబ్బ తిన్నవాళ్ళు ఎత్తుకుంటే నాకు సమ్మతమే, పక్కవాళ్ళకు మాత్రం ఆ చనువు లేదు. నలుగురిలో అదే మాటతో ఎస్సీ, ఎస్టీ కానివాళ్ళు దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసవుతుంది.