తరగతి గది నుండి పరిశోధనాలయానికి, తిరిగి తరగతి గదికి
డాక్టర్ హెచ్. నరసింహయ్య విద్యాజీవితం

బోధన వేరు, పరిశోధన వేరు, పరిపాలన వేరు అని భావించడం విద్యారంగంలో పరిపాటి. పాఠం చెప్పేవారికి పరిశోధనకు తీరిక ఉండదనీ, పరిశోధకులకు పల్లెబడి గుర్తుండదనీ, అధికారపీఠం ఎక్కినవారికి సుద్దముక్క అంటదనీ లోకం అనుకుంటుంది. ఈ మూడింటినీ ఒకే జీవితంలో సమన్వయపరచిన మహనీయుడు మన సీమలోనే జన్మించారు. ఆయనే డాక్టర్ హెచ్. నరసింహయ్య.

1920 జూన్ 6వ తేదీన గౌరిబిదనూరు తాలూకా హోసూరు గ్రామంలో ఒక నిరుపేద కుటుంబంలో ఆయన జన్మించారు. నాడు అది కోలారు జిల్లాలోనిది; 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. కన్నడం, తెలుగు రెండూ ఇంటింటా వినిపించే సీమ ఇది. ఊరిబడిలో చదువు ముగిశాక, పైచదువుకోసం 1935లో ఆ బాలుడు కాలినడకన బెంగుళూరు చేరి, బసవనగుడిలోని నేషనల్ హైస్కూలులో ప్రవేశించాడు. అనిబిసెంటు ప్రేరణతో 1917లో వెలసిన జాతీయ విద్యాసంస్థ అది. 1936లో గాంధీమహాత్ముడు ఆ పాఠశాలను సందర్శించినప్పుడు, ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలోకి అనువదించే భాగ్యం ఈ పల్లె విద్యార్థికే దక్కింది. ఖద్దరు, నిరాడంబరత అప్పటినుండి ఆయనకు జీవితవ్రతాలయ్యాయి.

సెంట్రల్ కళాశాలలో భౌతికశాస్త్రం ఆనర్సు చదువుతుండగా 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఆయన చదువు ఆపి కారాగారానికి వెళ్లారు. విడుదలైన పిమ్మట చదువు కొనసాగించి ఎం.ఎస్సీ. పూర్తి చేశారు. 1946లో, స్థాపించి ఏడాదే అయిన నేషనల్ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకులుగా చేరారు.

అధ్యాపకత్వంలో స్థిరపడిన తరువాత ఆయన మళ్లీ విద్యార్థి అయ్యారు. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్రంలో పరిశోధన జరిపి, 1960లో, నలభై ఏళ్ల ప్రాయంలో డాక్టరేటు పొందారు. ఆ పట్టాతో ఎక్కడైనా స్థిరపడగలిగిన ఆయన తిరిగి తన కళాశాలకే వచ్చారు. పన్నెండేళ్లు ప్రిన్సిపాలుగా దానిని నడిపించారు.

పరిశోధన నుండి ఆయన తెచ్చుకున్న అసలు సంపద పట్టా కాదు, ప్రశ్నించే గుణం. విద్యార్థి ప్రశ్నించడం ధిక్కారం కాదనీ, అది చదువుకు ఆరంభమనీ ఆయన విశ్వాసం. ఆ విశ్వాసానికి రూపమే 1962లో నెలకొల్పిన బెంగుళూరు సైన్సు ఫోరం. ప్రయోగశాలల్లో పనిచేసే శాస్త్రజ్ఞులు కళాశాల సభామందిరానికి వచ్చి, విద్యార్థులకూ సామాన్యులకూ అర్థమయ్యేలా ఉపన్యసించే సంప్రదాయాన్ని అది ఏర్పరచింది. పరిశోధనకూ బోధనకూ మధ్య ఆయన కట్టిన వారధి అదే.

1972 నుండి 1977 వరకు ఆయన బెంగుళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి. ఆ కాలంలో జ్ఞానభారతి ప్రాంగణం అభివృద్ధి చెందింది. సంగీత నృత్య నాటకాలకు విశ్వవిద్యాలయంలో స్థానం లభించింది. 1976లో మహిమలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా పరిశీలించేందుకు ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘం దేశవ్యాప్తంగా వాదోపవాదాలకు కారణమైంది. విశ్వాసాల జోలికి విశ్వవిద్యాలయం పోవచ్చునా అన్నవారూ ఉన్నారు. తరగతిలో ప్రశ్నించమని నేర్పిన గురువు, తరగతి వెలుపల ప్రశ్న ఎదురైనప్పుడు మౌనం వహించలేదు. నాయకత్వానికి పరీక్ష ఎదురయ్యేది ఇటువంటి చోటనే.

ఇంత పదవిలోనూ ఆయన నివాసం కళాశాల వసతిగృహంలోని ఒక చిన్న గది. అవివాహితులుగా, విద్యార్థుల నడుమనే జీవించారు. విద్యార్థుల ఇబ్బందులు తెలుసుకోవడానికి ఆయనకు నివేదికలు అవసరం లేకపోయింది. 1984లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. ఆయన కన్నడంలో రచించిన ఆత్మకథ పేరు 'హోరాటద హాది', అనగా పోరాటమార్గం. 2005 జనవరి 31న ఆయన తుదిశ్వాస విడిచారు.

మన సీమవారు మరువరానిది మరొకటి ఉంది. తాను చదువుకోసం నడిచి వెళ్లిన దారినే, చదువును ఆయన వెనుకకు తెచ్చారు. నేషనల్ విద్యాసంస్థ ఆధ్వర్యంలో గౌరిబిదనూరులో, బాగేపల్లిలో కళాశాలలు వెలిశాయి. ఉన్నతవిద్యకై ఊరు విడిచిపోలేని పేదపిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, అవి తలుపులు తెరిచాయి.

జంగమకోటెలో పట్టుపురుగులు పెంచే ఇళ్లనుండి, పొలాలనుండి బడికి వచ్చే చిన్నారులకు హోసూరు దూరదేశం కాదు. వారిలో ఎవరు రేపటి పరిశోధకులో, ఎవరు అధ్యాపకులో చెప్పలేము. వారు అడిగే ప్రశ్నను తల్లిదండ్రులు విసుక్కోకుండా వినాలి; ఉపాధ్యాయులు ఓర్పుతో బదులివ్వాలి; చదివి పైకెదిగిన పూర్వవిద్యార్థులు తమ బడివైపు ఒకసారి తిరిగి చూడాలి. ప్లాటినం జూబిలీ వేళ ఆ గురువర్యునికి అర్పించదగిన నివాళి ఇదే.