కర్మ – ఖర్మ

కర్మ యనగా చేసిన పని. ‘కృ’ ధాతువునుండి పుట్టిన ఈ మాటకు మొదటి అర్థ మింతే. కార్మికుడు, కర్మాగారము అను మాటలలో నేటికిని పనియే వినబడును. కాని మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర పడిపోయిన నాడును, పుంగనూరు పల్లెలలో వాన తప్పిన నాడును రైతు ‘నా ఖర్మ’ అన్నప్పుడు, అందు పని లేదు, అనుభవమే యున్నది. కారణమును చెప్పవలసిన మాట ఫలితమును చెప్పుచున్నది. నాలుక దానికొక ఒత్తును గూడ చేర్చినది. పండితులు దీనిని తప్పందురు. నాకు మాత్రము జనులు రెండర్థములకు రెండు మాటలు కల్పించుకొని రనియే తోచును. తండ్రికి ‘కర్మ’ చేసితి ననువాడు అచ్చట ఒత్తు పలుకడు. తమిళ, కన్నడ సీమలు కలియు కుప్పము వైపున తమిళులు ఆ క్రియలనే ‘కరుమాది’ యందురు.

తన దుఃఖమునకు ‘ఖర్మ’ యనుకొనుట ఓదార్పు. పరుని రోగమునకు ఆ మాట వాడినచో అది నేరారోపణ యగును. మనుస్మృతి పదునొకండవ అధ్యాయము క్షయరోగమును బ్రహ్మహత్యా ఫలముగా చెప్పినది. రోగి దగ్గుతోపాటు ఎన్నడో చేసిన పాపమును గూడ మోయవలసి వచ్చెను.

ఈ మాటకు మదనపల్లెలో ప్రత్యేకచరిత్ర కలదు. 1895లో అనిబిసెంటు ‘కర్మ’ యను ఆంగ్లగ్రంథమును ప్రకటించెను. జిడ్డు కృష్ణమూర్తి ఆ యేడే మదనపల్లెలో జన్మించెను. దివ్యజ్ఞానసమాజమువారు కర్మను నుదుటివ్రాతగా గాక, కారణమునుబట్టి కార్యము కలుగు ప్రకృతినియమముగా బోధించిరి. 1915లో వారి కళాశాల ఇచ్చట వెలసెను. ఆ యేడే ఊరి దాపున ఆరోగ్యవరమున క్రైస్తవమిషనుల క్షయ చికిత్సాలయము తెరువబడెను. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్టు కాక్ 1882లోనే లోకమునకు తెలిపియుండెను.

కృష్ణమూర్తి తమ్ముడు నిత్యానంద 1925లో క్షయచేతనే మరణించెను. అతడు జీవించునని సమాజమున పెద్దలు నమ్మియుండిరి. 1929లో కృష్ణమూర్తి తనకై ఏర్పడిన నక్షత్రసంఘమును రద్దుచేసెను. చరిత్రకారులు ఈ రెంటిని ముడిపెట్టుదురు. ముందు జరిగినదెల్ల కారణము కానేరదు గనుక నేనంత గట్టిగా చెప్పజాలను.

ముందువెనుకలనుండి కారణమును వేరుచేయు విధానమును ఆరోగ్యవరపు వైద్యులు చూపిరి. 1950 మొదలు చుట్టుపట్ల పల్లెలలో కొందరికి బీ.సీ.జీ. టీకా వేసి, కొందరికి వేయక, ఉభయులను ఏండ్లతరబడి పరీక్షించుచు వచ్చిరి. టీకా పొందినవానికి జబ్బు రాకున్నచో అది టీకా ఫలమో, కాదో వేయనివారితో పోల్చిననే గాని తెలియదు గదా! 1964లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో ఫలితములు వెలువడెను. బ్రిటనులో కనబడినంత రక్షణ ఇచ్చట కనబడలేదు. పరిసరములలోని వేఱు సూక్ష్మజీవులు అందుకు కారణము కావచ్చునని శాస్త్రజ్ఞులు తలచిరి. 1968లో చెంగల్పట్టు జిల్లాలో అంతకంటె పెద్ద పరీక్ష మొదలయ్యెను.