రాత్రి ఎనిమిది గంటల గిన్నెల మోత: మయన్మార్ ప్రతిఘటనలో ఇంటి పని

అహింసాయుత పోరాటాల మీద రాసే పరిశోధకుల్లో జీన్ షార్ప్ పేరెత్తనివారు అరుదు. 1973లో వెలువడిన తన గ్రంథంలో ఆయన పోరాట పద్ధతులను 198గా లెక్కగట్టాడు. 1993లో బర్మా ప్రజాస్వామ్యవాదుల కోసమే రాసిన చిన్న పుస్తకం మొదట బాంకాక్‌లో ప్రవాసుల పత్రికలో వచ్చి, తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్ సైన్యం మళ్ళీ గద్దెనెక్కినప్పుడు, అక్కడి ప్రతిఘటనను ఆయన జాబితాతో కొలవడం పరిశోధకులకు సులువైపోయింది. సమ్మె, బహిష్కరణ, చప్పుడుతో నిరసన, బిల్లుల ఎగవేత, అన్నీ ఆ జాబితాలో ఉన్నవే.

పేచీ అక్కడే. ఆ జాబితాలో ప్రతి పద్ధతికీ ఒక పేరూ ఒక అంకే ఉన్నాయి. సమ్మెకు దిగిన రైల్వే కార్మికుడి ఇంట్లో రెండో నెల బియ్యం ఎవరు పోశారు? పోలీసులు తరుముతున్న పిల్లను తన కూతురని చెప్పి లోపలికి లాక్కున్న ఆమె ఎవరు? ఈ ప్రశ్నలకు అందులో చోటు లేదు. మయన్మార్ ప్రతిఘటనను నిలబెట్టింది వ్యూహం కాదని, వాడల్లో రోజూ సాగిన ఇంటి పనేనని ఈ వ్యాసం వాదిస్తుంది. షార్ప్ జాబితాలో ‘ప్రత్యామ్నాయ సామాజిక సంస్థలు’ అన్న పద్దు ఉన్న మాట వాస్తవమే కానీ, అది జాబితా చివరి భాగంలో అన్నిటితోపాటు ఒకటిగా మిగిలిపోయింది.

రాత్రుల నుంచి మొదలుపెట్టాలి. ఫిబ్రవరి 2న రాత్రి ఎనిమిదికి యాంగోన్ వాడల్లో గిన్నెలు, పళ్ళేలు, డబ్బాలు మోగాయి. ఇంట్లోంచి దయ్యాన్ని వెళ్ళగొట్టడానికి బర్మీయులు పూర్వం నుంచీ చేసే పనే అది. మర్నాడు అదే వేళకు మళ్ళీ మోగాయి, ఆ తర్వాత రోజూ మోగాయి. షార్ప్ లెక్కలో ఇదొక ప్రతీకాత్మక నిరసన. వాడలో ఉన్నవారికి మాత్రం అది హాజరుపట్టీ. ఏ మేడ మీద చప్పుడు వినిపిస్తోంది, ఏ ఇల్లు మౌనంగా ఉంది, ఎవరి తలుపు తట్టవచ్చు అన్నది ఆ కొద్ది నిమిషాల్లో తెలిసిపోయేది.

ఎవరి తలుపు తట్టవచ్చో తెలియడం ఎంత అవసరమో రెండు వారాలు తిరక్కుండానే రుజువైంది. ఫిబ్రవరి 12న సైనిక ప్రభుత్వం 23 వేలకు పైగా ఖైదీలను విడుదల చేసింది. వాళ్ళను ఇళ్ళకు నిప్పు పెట్టడానికే వదిలారన్న భయం ఊరంతా పాకింది. అర్ధరాత్రి అరెస్టులు దానికి తోడయ్యాయి. మర్నాడే, ఇంట్లో రాత్రి బస చేసే ప్రతి చుట్టం వివరాలూ వార్డు అధికారికి చెప్పి తీరాలన్న పాత నిబంధనను తిరిగి తెచ్చారు. వారెంటు లేకుండా ఇల్లు సోదా చేయరాదన్న రక్షణను పక్కన పెట్టారు. దానికి జవాబుగా వాడలవారు గస్తీ కట్టారు. సందు మొదట్లో అడ్డు పెట్టారు, వంతులు వేసుకుని మేలుకున్నారు, కొత్త బండి కనిపిస్తే గిన్నె మోగించారు. 1988లో ప్రభుత్వ యంత్రాంగం కుప్పకూలిన వారాల్లోనూ వాడలు ఇలాగే తమను తాము కాచుకున్నాయి. అప్పటి యువకులు ఇప్పుడు ఇంటి పెద్దలు. ఎలా చేయాలో వారికి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేకపోయింది.

మార్చి 8 రాత్రి యాంగోన్‌లోని సాంచౌంగ్‌లో ఈ ఏర్పాటుకు అసలైన పరీక్ష ఎదురైంది. సుమారు రెండు వందల మంది నిరసనకారులను సైన్యం కొన్ని వీథుల్లో దిగ్బంధించింది. ఇంటింటికీ వెళ్ళి, ఇంటి సభ్యుల జాబితా చూపించమని, బయటివారు ఎవరున్నారో చెప్పమని గద్దించింది. తెల్లవారాక చాలామంది బయటపడగలిగారంటే కారణం తలుపులు తీసిన ఇళ్ళవారు. ఆ రాత్రి నగరంలో మరికొన్ని చోట్ల జనం కర్ఫ్యూను లెక్కచేయక వీథుల్లోకి వచ్చారు. ముక్కూమొహం తెలియనివారిని దాచడం, రాత్రి బస చేసేవారి వివరాలు చెప్పాలన్న ఆ నిబంధన కింద నేరమని తెలిసీ ఆ ఇళ్ళవారు చేసిన పని ఇది.

అదే వారంలో సందులకు అడ్డంగా తాళ్ళు కట్టి ఆడవాళ్ళ లుంగీలు ఆరేశారు. వాటి కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు తరిగిపోతుందని అక్కడ పాత నమ్మకం. సైనికులు ఆగి, వాటిని తెంపి, అప్పుడు ముందుకు కదిలేవారు. వాళ్ళు ఆగిన ఆ కాసేపు లోపలివారు తప్పించుకోవడానికి చాలేది. తమను తక్కువ చేసిన నమ్మకాన్నే ఆ స్త్రీలు వాడకు కాపలాగా పెట్టారు. ఈ ఆలోచన ఏ ప్రధాన కార్యాలయంలోనూ పుట్టలేదు.

ఇక జీతాల సంగతి. శాసనోల్లంఘన ఉద్యమాన్ని మొదలుపెట్టినవారు ప్రభుత్వ ఆసుపత్రుల డాక్టర్లు, నర్సులు. వెనకే ఉపాధ్యాయులు, రైల్వేవారు, బ్యాంకు ఉద్యోగులు వచ్చారు. మార్చి 10న యాంగోన్‌లోని మహ్లవాగోన్ రైల్వే క్వార్టర్స్‌ను బలగాలు చుట్టుముట్టాయి. సమ్మెలో ఉన్న కుటుంబాలు సామాన్లు నెత్తిన పెట్టుకుని ఇళ్ళు వదిలాయి. మే నెలకల్లా 1,25,000కు పైగా పాఠశాల ఉపాధ్యాయులను సస్పెండ్ చేశారు. అంతకు రెండేళ్ళ ముందు దేశం మొత్తంలో ఉన్న ఉపాధ్యాయులు సుమారు 4,30,000. ఉద్యోగంతోపాటు ఇల్లూ పోయిన ఇన్ని కుటుంబాలు రోడ్డున పడకుండా కాచినది చందా. ఆగస్టు 15న, ప్రతిఘటనకారులు ఏర్పరచుకున్న జాతీయ ఐక్యతా ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ‘వసంత లాటరీ’ ప్రారంభించింది. టిక్కెట్టు 2,000 క్యాట్లు. వచ్చిన సొమ్ములో 70 శాతం సమ్మె ఉద్యోగులకు, మిగతాది బహుమతులకు. సైన్యం ఆదాయానికి పనికొస్తుందని సర్కారు లాటరీని మానేసిన మనిషి, అదే డబ్బుతో పొరుగింటి టీచరమ్మను నిలబెట్టాడు. మొబైల్ చెల్లింపుల ఖాతాలను స్తంభింపజేయడానికి సైన్యం పూనుకుందంటే, దెబ్బ ఎక్కడ తగులుతోందో దానికి బాగా తెలుసన్న మాట.

జూలైలో కోవిడ్ మూడో అల విరుచుకుపడింది. ఆక్సిజన్ కోసం సిలిండర్లతో బారులు తీరినవారిని సైన్యం అడ్డుకుంది. అప్పుడు ఇళ్ళ ముందు జెండాలు వెలిశాయి.  పసుపుపచ్చది కడితే మందులు కావాలని అర్థం. తెల్లది కడితే తిండి లేదని. చూసినవాళ్ళు చేతనైనది తెచ్చి ఇచ్చేవారు. సమ్మెలో ఉన్న డాక్టర్లు ఫోన్లో మందులు చెప్పారు, ఇళ్ళకు వెళ్ళి చూశారు. వారిలో కొందరిని రోగులమని నమ్మించి పిలిపించి అరెస్టు చేశారు. వైద్యం చేయడమే నేరమైన చోట ఉద్యమానికీ ఇరుగుపొరుగు ధర్మానికీ మధ్య గీత ఎక్కడ గీస్తారు?

2021 సెప్టెంబరు 7న జాతీయ ఐక్యతా ప్రభుత్వం ప్రజారక్షణ యుద్ధం ప్రకటించాక తుపాకులు ముందుకొచ్చాయన్న అభ్యంతరం సబబే కానీ, అడవిలో తుపాకీ పట్టినవాడికీ పొట్లం కట్టి పంపింది ఈ ఇళ్ళే. సమ్మెలో చేరనివారిని, సైనికుల కుటుంబాలను వెలివేసిన క్రూరత్వమూ ఈ వాడల్లోనే జరిగింది.

మయన్మార్ చెప్పేది ఒక్క మయన్మార్‌కే పరిమితం కాదు. 1973 తర్వాత చిలీలో పినోషే పాలన కింద పేటల్లో స్త్రీలు ఉమ్మడి వంట పొయ్యిలు వెలిగించారు. సూడాన్‌లో 2021 అక్టోబరు 25 నాటి సైనిక తిరుగుబాటును ఎదిరించిన వాడ కమిటీలే, 2023లో యుద్ధం వచ్చాక జనానికి వండిపెట్టే సహాయ కేంద్రాలకు పునాది అయ్యాయి. సైనిక పాలనను ఎదిరించి ఏళ్ళ తరబడి నిలిచిన ప్రతి ఉద్యమానికీ ఇంటి పనే వెన్నెముక అని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు. పోరాట పద్ధతుల జాబితాలు వేసే శాస్త్రం ఈ పనిని మొదటి అధ్యాయంగా పెట్టుకోనంత కాలం అది సగం శాస్త్రమే.

తెలుగువారికి ఈ చూపు కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల నోటి మాటను చరిత్రకు ఆధారంగా నిలబెట్టింది. దళాలకు అన్నం పెట్టినవారు, దాచినవారు, కబుర్లు మోసినవారు అందులో మాట్లాడారు. మయన్మార్ అధ్యయనాలకు కావలసిన పద్ధతి అదే. 1962లో నేవిన్ సైనిక పాలన వచ్చి, దుకాణాలను జాతీయం చేశాక బర్మా వదిలి వచ్చిన తెలుగు కుటుంబాలు కోస్తా జిల్లాల్లో ఉన్నాయి. ఆ తరంలో చిన్నవారు కూడా ఇప్పుడు వృద్ధులవుతున్నారు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు వారి దగ్గరకు టేప్ రికార్డరుతో ఈ ఏడే వెళ్ళాలి, ఆ రోజుల్లో వారి వాడలో ఎవరు ఎవరిని కాచారో అడగాలి.