సాంస్కృతిక పౌరసత్వం – ప్రభుత్వ పాత్ర: ఆకాశవాణి అనుభవం

పౌరసత్వం అనగానే మీకు ఓటు హక్కు, చట్టం ముందు సమానత్వం గుర్తుకు వస్తాయి. సమాజపు సాంస్కృతిక జీవితంలో పాల్గొనడం కూడా పౌరుల హక్కే. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 27వ అధికరణం దీనిని గుర్తించింది. తమ భాషను, లిపిని, సంస్కృతిని పరిరక్షించుకునే హక్కును భారత రాజ్యాంగం 29వ అధికరణంలో పొందుపరచింది. అయితే కళలను పోషించే ప్రభుత్వం, ప్రజలు ఏ కళను ఆస్వాదించాలో కూడా నిర్ణయించవచ్చా? ఆకాశవాణి చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

విధానం

సంస్థానాలు విలీనమయ్యాక సంగీత విద్వాంసులకు రాజాశ్రయం కరువైంది. ఆ లోటును కొంతవరకు రేడియో తీర్చింది. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి.కేస్కర్ శాస్త్రీయ సంగీతానికి ప్రాధాన్యం పెంచారు. అదే ఏడాది సంగీత జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. కచేరీలకు వెళ్లే స్తోమత లేని శ్రోతలు కూడా గొప్ప విద్వాంసులను వినగలిగారు. ఇది ఆ విధానం వల్ల కలిగిన మేలు.

అయితే సినిమా పాటలు ప్రజల అభిరుచిని దిగజారుస్తాయని కేస్కర్ భావించారు. ఆకాశవాణి వాటిని బాగా తగ్గించింది.

శ్రోతల స్పందన

శ్రోతలు వినతిపత్రాలతో ఆగలేదు. రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. అమీన్ సయానీ నిర్వహించిన 'బినాకా గీత్‌మాలా' దేశమంతటా ప్రాచుర్యం పొందింది. చివరకు, కేస్కర్ మంత్రిగా ఉండగానే, 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించి సినిమా పాటలకు చోటిచ్చింది.

తెలుగులో లలిత సంగీతాన్ని దీనితో పోల్చి చూడండి. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి కృషితో రేడియో కవుల గీతాలను సులభమైన బాణీలలో ఇంటింటికీ చేర్చింది. ఇక్కడ ప్రభుత్వ సంస్థ శ్రోతలకు ఉన్న ఎంపికను తగ్గించలేదు, పెంచింది.

మరొక అంశాన్ని మీరు గమనించాలి. శ్రోతకు సిలోన్ అనే ప్రత్యామ్నాయం ఉంది. కాని రేడియో ప్రసారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉన్న ఆ రోజుల్లో, ఆడిషన్‌లో నెగ్గని గాయకుడికి దేశంలో మరో రేడియో లేదు. ప్రభుత్వ నిర్ణయాల భారం శ్రోతపై కంటే కళాకారుడిపై ఎక్కువగా పడుతుంది.

సారాంశం

కళాపోషణ ప్రభుత్వ బాధ్యత. అయితే ఎంపిక చేసే అధికారం ఎవరి చేతిలో ఉంది, తిరస్కృతులకు మరో దారి ఉందా అన్నవే సాంస్కృతిక పౌరసత్వానికి గీటురాళ్లు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ప్రాంతంలో ప్రభుత్వ సహాయం పొందుతున్న ఒక కళారూపాన్ని, పొందని మరొక కళారూపాన్ని పేర్కొని, ఆ తేడాకు కారణాలను చర్చించండి.