పొయ్యిలో పిల్లి

ఓరుగల్లు చుట్టుపక్కల ఘనపూర్ అంటే ‘ఏ ఘనపూర్?’ అని అడగాల్సిందే. భూపాలపల్లి జిల్లాలోది గుళ్ల ఘనపూర్. గణపతిదేవుడి కాలం నాటి కోటగుళ్లు, ఆయన పేరే పెట్టుకున్న చెరువు అక్కడి గుర్తులు. జనగామ జిల్లాలోది రైలు ఘనపూర్. నిజాం రైలు మార్గం 1886లో వరంగల్ దాకా వచ్చాక ఊరి పేరు ముందు ‘స్టేషన్’ చేరింది, ఇప్పటికీ పోలేదు. ఒక ఊరి చరిత్ర రాతిలో ఉంది, ఇంకో ఊరి చరిత్ర ఇనుప పట్టాల మీద ఉంది. ఈ రెండు ఊళ్లలో తరతరాలుగా తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసిన ఆడవాళ్ల చరిత్రను మాత్రం ఎవరూ ఎక్కడా చెక్కించలేదు. చెక్కించడానికి అది రాయి కాదు, మట్టి. మట్టి పొయ్యి అలికిన కొద్దీ కొత్తదవుతుంది, పగిలితే పడగొట్టి మళ్లీ వేస్తారు, ఇల్లు కూలితే గోడ మట్టిలో కలిసిపోతుంది. అలా కలిసిపోయిన పొయ్యి గురించి మనకు మిగిలిన గట్టి సాక్ష్యం ఒక నానుడి. ‘పొయిల పిల్లి లేవలే’ అంటారు ఇక్కడ. ఆ ఇంట్లో ఇంకా వంట మొదలుకాలేదని, చాలాసార్లు వండడానికి గింజలు లేవని దాని అర్థం.

ఈ మాటను పేదరికానికి గుర్తుగానే చదువుతూ వచ్చాం. అందులో ఉన్న పిల్లిని పట్టించుకోలేదు. ఆ పిల్లి అక్కడికి ఎందుకు వెళ్లింది? పిల్లీ మనిషీ కలిసి బతకడానికి ధాన్యమూ ఎలుకలూ కారణమని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. అది సగం నిజమే. ధాన్యం పిల్లిని మన వాకిలిదాకా తెచ్చింది. గడప దాటించి వంటింటిదాకా తెచ్చింది పొయ్యి వెచ్చదనం. తెలుగు ఇంటి వరకైనా ఈ మాట నిలుస్తుందని నా నమ్మకం.

ముందు ఆ సగం నిజం సంగతి చూద్దాం. సైప్రస్‌లోని షిల్లూరోకంబోస్ అనే చోట ఒక మనిషి సమాధి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికినట్టు 2004లో ప్రకటించారు. దాని వయసు సుమారు 9,500 ఏళ్లు. ఇప్పటి ఇంటి పిల్లులన్నీ పశ్చిమాసియా అడవి పిల్లి సంతతేనని 2007లో జన్యు పరిశోధన తేల్చింది. మన ఉపఖండం వైపు వస్తే, సింధు నాగరికత నాటి చన్హుదారోలో ఒక ఇటుక దొరికింది. ఆరబెట్టిన పచ్చి ఇటుక మీద పిల్లి పరుగెత్తింది, దాని వెనకే కుక్క పరుగెత్తింది, రెండింటి అడుగులూ ఇటుకతో పాటే కాలి నిలిచిపోయాయి. ఈ ఆధారాలన్నీ ఆరుబయటివే. సమాధి, ఇటుకల బట్టీ, గాదె. పిల్లి మనిషి దగ్గరకు వచ్చిందని ఇవి రుజువు చేస్తాయి. ఇంట్లో ఎక్కడ పడుకుందో చెప్పవు.

దానికి మన సామెతల దగ్గరకే రావాలి. తెలుగులో కుక్క సామెతలు, పిల్లి సామెతలు పక్కపక్కన పెట్టి చూడండి. కుక్క వీధిలో ఉంటుంది, బొక్క కొరుకుతుంది, మొరుగుతుంది, చెప్పుదెబ్బ తింటుంది. దాని బతుకంతా గడప బయటే. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు అంటే ఉట్టి కింద పిల్లి ఉందన్నమాట. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి పాలగిన్నె పక్కనే ఉంది. ఎటు దూకుతుందో తెలియని పిల్లి గోడ మీద ఉంది. లేవని పిల్లి పొయ్యిలో ఉంది. ఉట్టి, పాలు, పొయ్యి, ఈ మూడూ పాత ఇంట్లో అన్నిటికంటే లోపలి గదిలో ఉండేవి. మడి పాటించే ఇళ్లలో సొంత మనుషులైనా స్నానం చేయనిదే అడుగు పెట్టని గది అది. కుక్కకు దొరకని ప్రవేశం పిల్లికి దొరికింది. ఎలుకల కోసమే అయితే దానికి అంత లోపలికి రావాల్సిన పనిలేదు. పేడతో అలికిన వెదురు గుమ్మి ఏ అర్రలోనో, ఏ వసారాలోనో ఉంటుంది. ఎలుక అక్కడే ఉంటుంది. కాపలాదారు మాత్రం పొద్దున్నే పొయ్యిలో బూడిద పూసుకుని కనిపిస్తున్నాడు.

ఆ పొయ్యిని కొంచెం దగ్గరగా చూడాలి. మూడువైపులా మట్టి గోడ, ముందు కట్టెలు తోసే నోరు, పైన కుండ ఆనడానికి మూడు గడ్డలు. రాత్రి వంట అయ్యాక మిగిలిన కొరకంచులను బయటకు లాగి నీళ్లు చల్లి ఆర్పుతారు. నిప్పు కణికలను మాత్రం మధ్యకు చేర్చి మీద బూడిద కప్పుతారు. మనం ఉపమానంగా వాడే ‘నివురుగప్పిన నిప్పు’ వంటింట్లో ప్రతి రాత్రి చేసే పనే. బూడిద గాలిని ఆడనివ్వదు, అందుకే కణిక త్వరగా కాలిపోదు. వేడినీ త్వరగా బయటకు పోనివ్వదు. చుట్టూ ఉన్న మట్టి గోడ సాయంత్రం నుంచి తాగిన వేడిని తెల్లవార్లూ మెల్లగా వదులుతూ ఉంటుంది. తెల్లారి ఒక పుల్లతో బూడిద కదిపి, ఎర్రగా కనిపించిన కణిక మీద ఎండుగడ్డి పెట్టి ఊదితే మంట లేస్తుంది. ఆరిపోతే పక్కింటికి పిడక ముక్క పట్టుకుని నిప్పుకు వెళ్లాలి. అగ్గిపెట్టె పల్లెలకు అగ్గువకు దొరకని రోజుల్లో నిప్పును రాత్రంతా బతికించుకోవడం ఇంటి ఇల్లాలి బాధ్యత. పాలు కాగే దాలి గుంటలోనూ ఇదే పద్ధతి. మెత్తటి బూడిద పరుపు, మూడువైపులా గాలి తగలని గోడ, తెల్లవార్లూ సన్నటి వేడి. పిల్లి కోసమే కట్టినా ఇంతకంటే మంచి పడక కట్టలేరు.

పొద్దున ఆ పనికి ఒక వరస ఉంది. ముందు పిల్లిని లేపాలి. తర్వాత బూడిద ఎత్తి గిన్నెలు తోమడానికి పక్కన పెట్టాలి. పొయ్యిని ఎర్రమట్టితోనో పేడతోనో అలికి, చిన్న ముగ్గు గీత వేసి, అప్పుడు కట్టె పెట్టాలి. వంటకు మొదటి మెట్టు పిల్లి లేవడం. కాబట్టి పిల్లి లేవలేదంటే ఆ తర్వాతి పనులేవీ జరగలేదని అర్థం. నానుడి ఊహలోంచి పుట్టలేదని నేననడానికి ఇదే కారణం. రోజూ ఆ పని చేసిన మనిషి నోట్లోంచే ఇంత కచ్చితమైన మాట వస్తుంది. అది ఏ పండితుడి రచనా అయ్యుండదు, ఏ ఇల్లాలి మాటో అయ్యుంటుంది.

దీనికి ఎదురు వాదనలున్నాయి. మొదటిది బలమైనదే. వంట లేని ఇంట్లో పొయ్యి చల్లగా ఉంటుంది కదా, వెచ్చదనం కోసమే అయితే పిల్లి అక్కడెందుకు పడుకుంటుంది? నానుడిని జాగ్రత్తగా వింటే జవాబు దొరుకుతుంది. పిల్లి పొయ్యిలోకి వెళ్లిందని అది అనడం లేదు, లేవలేదని అంటోంది. నిన్న రాత్రి పొయ్యి వెలిగింది, పిల్లి పడుకుంది. ఇవాళ పొద్దున వెలగలేదు, పిల్లిని లేపే చెయ్యి రాలేదు. ఒక్క పూట తప్పితే చాలు ఈ మాట నిజం కావడానికి. పైగా పిల్లి ఒకసారి నచ్చిన పడకను ఒక్క రోజుకే వదిలేయదు. వేడి తగ్గినా మెత్తదనమూ చాటూ అక్కడే ఉంటాయి. వారాల తరబడి ఆరిపోయిన పొయ్యికి మన వాళ్లు వేరే మాటలు వాడారు, పొయ్యిలో గడ్డి మొలిచిందనేది అందులో ఒకటి.

రెండో వాదన వాతావరణానిది. మే నెలలో రాళ్లు పగిలే ఎండ కాసే తెలంగాణలో పిల్లికి వెచ్చదనం కరువా అని. మన ఒంటికి హాయిగా ఉండే వేడి, పిల్లి ఒంటికి హాయిగా ఉండే వేడి ఒకటి కావు. ఒంట్లో అదనంగా శక్తి ఖర్చు చేయకుండా పిల్లి తన వేడిని నిలుపుకోగలిగేది చుట్టూ సుమారు 30 నుంచి 38 డిగ్రీలు ఉన్నప్పుడు. దాని పూర్వీకులు ఎడారి అంచుల జీవులు మరి. మనం చల్లగా ఉందని సంతోషించే 25 డిగ్రీల రాత్రి కూడా దానికి ఖర్చే. ఇక పుష్యమాసపు చలి సంగతి చెప్పాలా? అదే పిల్లి ఎండాకాలం పొయ్యి వైపు తొంగి చూడదు. రంజన్ పక్కనో, జాలారి దగ్గర తడి బండ మీదో కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటుంది. ఆ మార్పే నా వాదనకు బలం. పొయ్యి మీద మమకారమైతే పన్నెండు నెలలూ అక్కడే ఉండేది.

అన్నం వాసనకో, రాలిన మెతుకుకో వస్తుందనేది మూడో మాట. వస్తుంది, కాదనను. కానీ మెతుకు కోసం వచ్చింది తిని వెళ్తుంది, బూడిదలో ఒళ్లు ముడుచుకుని తెల్లవార్లూ ఉండదు. ఇక్కడ మన భాషలోనే ఇంకో సాక్షి ఉంది. నిలకడ లేకుండా ఇంట్లో అటూ ఇటూ తిరిగేవాణ్ని ‘కాలుగాలిన పిల్లి’ అంటాం. ఏ జంతువుకూ లేని కాలిన కాలు పిల్లికే ఎందుకొచ్చింది? చర్మం మీద వేడి 44, 45 డిగ్రీలకు చేరితే మనం చెయ్యి వెనక్కి తీసుకుంటాం. పిల్లి 50 డిగ్రీలు దాటేదాకా నొప్పి చూపించదని ప్రయోగాల్లో తేలింది. అందుకే కణిక మీద బూడిద పలచబడ్డా అది లేవదు. కాలిన తర్వాతే లేస్తుంది, అప్పుడిక ఒకచోట నిలవదు. నాలుక సంగతి వేరు. తెనాలి రామకృష్ణుడి పిల్లి ఒక్కసారి మూతి కాలాక పాలగిన్నెను చూస్తేనే పారిపోయిందన్న కథ అందరికీ తెలుసు. పొయ్యిని అంతగా ప్రేమించే జీవి వేడి పాలకు భయపడడం చూసినవాళ్లే ఆ కథ అల్లారు.

ఇదంతా కేవలం మాట చమత్కారమని, నిజంగా పిల్లి పొయ్యిలో పడుకోనక్కరలేదని ఎవరైనా అంటే, పొరుగు భాషలను చూపిస్తాను. తమిళులు కూడా వంట లేని ఇంటిని ‘పొయ్యిలో పిల్లి నిద్రపోతోంది’ అనే అంటారు. వాళ్లూ మనమూ పక్కపక్కన బతికాం, ఒకరి నుంచి ఒకరు తెచ్చుకున్నారనుకోవచ్చు. మరి జపాన్? అక్కడి హైకూ కవులకు ఏ ఋతువుకు ఏ మాట వాడాలో పట్టిక ఉంటుంది. అందులో శీతాకాలపు మాటల్లో ‘కమడోనెకో’ ఒకటి. కమడో అంటే మట్టి పొయ్యి, నెకో అంటే పిల్లి. మంట ఆరిన పొయ్యి బూడిదలో చేరిన పిల్లి అని అర్థం. తెలుగువాళ్లు వాళ్లకు చెప్పలేదు, వాళ్లు మనకు చెప్పలేదు. రెండుచోట్లా మట్టి పొయ్యి ఉంది, కట్టె ఉంది, బూడిద ఉంది, పిల్లి ఉంది. కనుక మాటా పుట్టింది.

ఈ మాట వెనక ఉన్న ఆకలిని మరిచిపోయి వెచ్చదనం గురించే మాట్లాడితే అన్యాయమవుతుంది. స్టేషన్ ఘనపూర్‌కు దగ్గర్లోని పాలకుర్తి, కడవెండి 1940లలో అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా ఊళ్లు. యుద్ధకాలపు లెవీ గింజలు, దొరల వెట్టి, పండించిన పంటను కల్లంలోనే కొలుచుకుపోయే పద్ధతి. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ తన చేను కోసం, తన గింజల కోసం నిలబడింది. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. ఆ పోరాటాన్ని భూమి లెక్కల్లో రాశారు, రాయాల్సిందే. పొయ్యి లెక్కలోనూ చూడవచ్చు. గుమ్మి ఖాళీ అయిన ఇంట్లో పొద్దెక్కినా పిల్లిని లేపే పని ఉండదు. ఊరి పెద్దలు ఏ ఇంటి పరిస్థితి ఏమిటో తెలుసుకోవడానికి ఆ ఇంటి కప్పు మీద పొగ లేచిందా లేదా అని చూసేవారు. ఇంటి లోపల అదే కబురు పిల్లి చెప్పేది.

పొయ్యి ఒక్కసారిగా పోలేదు. 1920లలో శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలై, అగ్గిపుల్ల చవకయ్యాక నిప్పును బూడిద కింద దాచే అవసరం తగ్గింది. కిరోసిన్ స్టౌ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం గ్యాసును పేద ఇళ్లకు చేర్చాయి. ఉజ్వలకు ముందు, 2011 జనగణన నాటికి దేశంలో దాదాపు సగం ఇళ్లు కట్టెల మీదే వండుకునేవి. మట్టి పొయ్యి పోయిందని నాకు బాధ లేదు. ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగ మింగింది ఎక్కువగా ఆడవాళ్లూ చంటిపిల్లలూ. పిల్లి పడక కోసం ఆ పొగను ఎవరూ వెనక్కి కోరుకోరు. కానీ గ్యాసు పొయ్యి మంట ఆపిన కాసేపటికే చల్లబడుతుంది. దానికి బూడిద లేదు, ఒళ్లు ముడుచుకునే చోటు లేదు. అది గట్టు మీద ఉంది, నేల మీద లేదు.

పిల్లి అందుకు తగ్గట్టు చోటు మార్చుకుంది. ఇప్పుడది ఫ్రిజ్ మీద, టీవీ డబ్బా మీద, ఇన్వర్టర్ పక్కన, ఎండకు కాగిన బండి సీటు మీద పడుకుంటోంది. ఈనిన పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. పుట్టిన మొదటి వారాల్లో కూనలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు, అందుకని కూడా వాటికి వెచ్చటి మూల కావాలి. ఒకప్పుడు ఆ మూల కట్టెల అటక మీదో, దాలి గుంట పక్కనో దొరికేది. ఇప్పుడు చలికాలం రాత్రుళ్లు అప్పుడే వచ్చి ఆగిన కారు ఇంజన్ ఆ పొయ్యి చేసిన పనే చేస్తోంది. మూడువైపులా చాటు, లోపల సన్నటి వేడి. పొయ్యిలో పిల్లిని పొద్దున్నే లేపే చెయ్యి ఒకటుండేది, ఇంజన్ దగ్గర అది లేదు. ఈ చలికాలం పొద్దున బండి తాళం తిప్పే ముందు బానెట్ మీద రెండుసార్లు గట్టిగా తట్టి, ఒక్క క్షణం ఆగండి.